ఎవరూ చావని గది

దూలపల్లిలో వీరేందర్ పటేలు కట్టించిన కిరాయి గదుల వరసలో ఎవరూ చావలేదు. ఈ మాట వీరేందర్ చెప్పాడు, వీరేందర్ బావమరిది చెప్పాడు, ఆ వరసలో ఉండే కిరాయిదార్లందరూ చెప్పారు. ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసే పరమేశ్‌కు పొద్దున్నే కడుపులో నొప్పి వచ్చిందట, ఆటోలో దవాఖానాకు తీసుకుపోతుంటే తోవలో ప్రాణం పోయిందట. తోవలో పోయిన ప్రాణానికి ఇంటి ఓనరేం చేస్తాడు?

మరి ఎవరూ చావని గదిని కడగడానికి దుర్గాబాయిని ఎందుకు పిలిచినట్టు? మామూలు గదులు ఊడవడానికి ఆమెను ఎవరూ పిలవరు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా, రైలు పట్టాల మీద గాని మూసిన తలుపుల వెనక గాని మనిషి పోయి, పీనుగ లేచాక మిగిలినదాన్ని ఎత్తిపోసి కడిగే పని ఆమెది. పోలీసులు పిలుస్తారు, ఓనర్లు పిలుస్తారు. ఒక్కోసారి పోయినవాళ్ల సొంత కొడుకులే పిలిచి, తాళంచెవి చేతికిచ్చి వీధి చివర నిలబడతారు. పని అయ్యేదాకా అమ్మా అక్కా అంటారు. అయ్యాక అదే అక్క తాగడానికి చెంబెడు నీళ్లడిగితే బోరింగు దగ్గరకు పొమ్మంటారు.

పర్వతాలు ట్రాలీ ఆటోను గేటు బయటే ఆపాడు. అతను దుర్గాబాయి చిన్నాయన కొడుకు. పరుపులూ మూటలూ మోసుకుపోయి ఊరవతల కాల్చేస్తాడు గాని గదిలో అడుగు పెట్టడు. ఇంకా పెళ్లి కావలసినవాణ్నంటాడు. ఇప్పటికి పెళ్లి వయసు దాటి చాలా కాలమైందని ఆమె ఎత్తిపొడుస్తూనే ఉంటుంది, అతను పళ్లికిలిస్తూనే ఉంటాడు.

దుర్గాబాయి కొంగు నడుముకు బిగించి, పాతగుడ్డ మీద ఘాటైన జిందాతిలిస్మాత్ మందు చుక్కలు వేసి ముక్కుకు కట్టుకుని తలుపు తోసింది.

పరమేశ్ నెత్తురు కక్కుకుని పోయాడు. అది తెలుసుకోవడానికి డాక్టరు చదువేం అక్కర్లేదు. పరుపు తడిసి, ఎండి, అట్ట కట్టింది. షాబాదు బండల మీద నల్లబడిన మరక తలుపు దాకా వచ్చింది. గొళ్లెం కింద చేతి గుర్తులున్నాయి. పక్క గదిని ఆనుకున్న గోడ మీద ఇంకా ఎక్కువ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. వాటిని చూసి దుర్గాబాయికి ఒళ్లు మండింది.

పక్క గదిలో ఉండే ఆవిడ గడప మీద కూచుని బియ్యం ఏరుతోంది.

"రాత్రి గోడ కొట్టిండా?" దుర్గాబాయి తల బయటపెట్టి అడిగింది.

"ఎవరు?"

"ఎవరా. మీ పక్కన ఉండెటాయన."

"మేం పండుకున్నం," అని ఆవిడ చాట తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.

పరుపును చుట్టి తాడుతో కట్టి ట్రాలీ దాకా ఈడ్చింది దుర్గాబాయి. గోనెసంచులు చల్లనీళ్లలో ముంచి మరకల మీద పరిచింది. వేడినీళ్లు పోస్తే నెత్తురు రాయికి పట్టుకుని ఇక జన్మలో పోదు. సంచులు నానేలోపల గోడను కొబ్బరిపీచుతో రుద్దింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది గాని చేతి గుర్తులు మాత్రం పోయినట్టే పోయి మళ్లీ తేలాయి. చివరికి రేకు ముక్కతో గోడనే గీకిపారేసింది. తర్వాత గడ్డపార తీసుకుని బండల సందుల్లో పెట్టి ఒక్కొక్క బండా లేపడం మొదలుపెట్టింది.

గడ్డపార చప్పుడుకి వీరేందర్ వచ్చాడు. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. పొలాలు కంపెనీలకు అమ్మి, మిగిలిన తుకడాలో ఈ గదులు వేయించినవాడు. మనిషి చెడ్డవాడని చెప్పడానికి లేదు. వినాయకుడికి చందా రాస్తాడు, పెళ్లిళ్లకు జీపిస్తాడు. అయితే ఆ పొద్దున పరమేశ్ నెత్తికి తువ్వాల చుట్టి, ఆటోలో తనకూ బావమరిదికీ నడుమ కూచోబెట్టుకుని, ఎదురొచ్చినవాళ్లందరితో 'జ్వరం, జ్వరం' అని చెబుతూ తీసుకుపోయినవాడు కూడా ఇతనే. కట్టెలా బిగిసిన మనిషికి జ్వరమేమిటని ఎవరూ అడగలేదు.

"బండలెందుకు లేపుతున్నవే? నీళ్లు కొడితే పోతది గద. రేపు రూము చూస్తందుకు మనుషులొస్తున్నరు."

"నెత్తురు బండ మీద ఆగుతదా పటేలా? సందులకెల్లి మన్నులకు దిగింది. గిట్లనే మూస్తే ఈ ఎండకు వాసన లేస్తది. అప్పుడు మల్ల నన్నే పిలుస్తవు."

"సరే, జల్దీ కానియ్యి."

బండల కింది మన్ను ముద్దలు కట్టింది. దాన్ని చేతులతోనే తోడి యూరియా సంచిలోకి ఎత్తింది. గుంతలో బ్లీచింగు చల్లి, సున్నం చల్లి, కొత్త ఇసుక పోసి చదును చేసింది. చేస్తున్నంతసేపూ ఆమె మనసు ఈ గది మీదే తిరుగుతోంది. కిటికీ ఉంది. నల్లా పక్కనే ఉంది. తలుపు వెడల్పుగా ఉంది, మంచం పడుతుంది.

ఈ చుట్టుపక్కల ఒక పద్ధతుంది. కిరాయి ఇంట్లో మనిషి పోకూడదు. నక్షత్రం మంచిది కాని రోజున పోతే అయ్యగారు లెక్కలు వేసి, ఇల్లు నెలల తరబడి పాడు పెట్టాలంటాడు. దీపం పెట్టకూడదు, తాళమెయ్యాలి. గదులు వరసగా ఒకే కప్పు కింద ఉంటే వరసంతా ఖాళీ చెయ్యాల్సిందే. అందుకని ఓనర్లు ముందే జాగ్రత్త పడతారు. మనిషికి పోయే వేళొచ్చిందని తెలియగానే, ఊపిరుండగానే బయట పడుకోబెట్టమంటారు. బయట పోతే ఇంటికి దోషం లేదు. పరమేశ్ గోడ కొట్టినా పక్కవాళ్లు లేవనిదీ, లేచి చూసి కూడా చూడలేదన్నదీ ఇందుకే. ఆ చావును ఒప్పుకుంటే ఎండాకాలంలో పిల్లాజెల్లాతో వాళ్లందరూ గదులు వెతుక్కోవాలి.

దుర్గాబాయి తండ్రి కుర్మయ్యను ఇక చేసేదేమీ లేదని పెద్ద దవాఖానా నుంచి ఇంటికి పంపేశారు. వాళ్లుండే ఆ కిరాయి ఇల్లు మేడ్చల్‌లో రైలుగేటు దగ్గర సుక్కమ్మది. సుక్కమ్మ రోజుకోసారి వచ్చి, పలకరించే సాకుతో కుర్మయ్య ఛాతీ ఎగిసిపడడం చూసి పోతోంది.

దుర్గాబాయి బయటికొచ్చి చేతులు కడగకుండానే అడిగింది.

"పటేలా, గీ రూము నాకియ్యి. అందరిచ్చే కిరాయే ఇస్త."

"నీకెందుకే? మేడ్చల్‌ల ఉంటివి గద."

"నాయినకు వేళొచ్చింది. సుక్కమ్మ ఇంట్ల పోనియ్యది. గీ రూము ఎట్లాగూ పాడైపాయె. ఇంకొగలు పోతే నీకొచ్చే నష్టమేంది? ఆయన పోయినంక మల్ల నేనే కడిగిస్త, పైస అడగ."

వీరేందర్ జేబురుమాలు ముక్కు మీంచి తీశాడు.

"పాడైందని ఎవరు జెప్పిన్రు? ఈడ ఎవరు సచ్చిన్రు?"

దుర్గాబాయి తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా ఎర్రమన్ను అంటుకుని ఉంది. ఆ చేతులు అతని ముందరే ఉన్నాయి. అతను వాటిని చూస్తూనే మళ్లీ అన్నాడు.

"తోవల పోయిండు. ఎవరన్న అడిగితే గదే జెప్పాలె. ఇగ నీకు రూమిస్తే ఉన్నోళ్లు గూడ లేచిపోతరు. నువ్వు గుమ్మంల కూసుంటే అండ్ల ఎవలో సచ్చిన్రనే అనుకుంటరు జనం. నీ పని నువ్వు జేస్కపో."

నోటిదాకా వచ్చిన బూతును దుర్గాబాయి మింగేసింది. లోపలికి పోయి యూరియా సంచి వైపు చూసింది. ఆ మన్ను మళ్లీ గుంతలో పోసి బండలు మూసేస్తే వారం తిరక్కుండా ఈ వరస కంపెత్తిపోతుంది. సంచి మూతి విప్పింది కూడా. కాని ఆ కంపు వీరేందర్ ఇంటికి పోదు, కొత్తగా దిగే దిక్కులేని కిరాయోళ్లకే తగులుతుంది. మళ్లీ సంచి మూతి కట్టి, బండలు పరిచి, సందుల్లో సిమెంటు కూరింది. ప్రతి బండనూ అవసరం లేనంత గట్టిగా కొట్టింది.

*

"దుర్గా, ఇగ తియ్యాలె బిడ్డా," అంది సుక్కమ్మ మర్నాడు పొద్దున్నే. "ఊపిరి మారింది. నేను జూసిన గద."

"ఇయ్యాలొక్కరోజు ఉండనియ్యి పెద్దమ్మా. బయట నిప్పులు కురుస్తున్నయి."

"నా బిడ్డ బిందు తొలిసూలు కాన్పుకొచ్చింది. నెలలు నిండినయి. ఇంట్ల పీనుగ లేస్తే దాన్ని ఏడికి తోలాలె? నువ్వే జెప్పు."

బిందు కిటికీలోంచి చూస్తోంది, పొట్ట మీద చెయ్యేసుకుని. ఆ పిల్ల మీద దుర్గాబాయికి కోపం రాలేదు. సుక్కమ్మ మీద వచ్చింది గాని అది నిలవలేదు, ఎందుకంటే సుక్కమ్మ కళ్లలో నీళ్లున్నాయి. కళ్లలో నీళ్లు పెట్టుకుని మరీ మనిషిని వీధిలో వేయించేవాళ్లతో ఎట్లా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

పర్వతాలు తలవైపు పట్టాడు, దుర్గాబాయి కాళ్లవైపు పట్టింది. మంచం గడపకు తగిలి కదిలేసరికి కుర్మయ్య కళ్లు తెరిచాడు. ఎముకల గూడు తప్ప ఏమీ మిగలలేదు ఆయనలో, మాట మాత్రం ఇంకా ఉంది.

"నలుగురు మొయ్యాలంటరు గదరా. ఇద్దరే వచ్చిన్రేంది?"

"మిగిలినోళ్లు తర్వాత వస్తరు, పెద్దనాయినా," అన్నాడు పర్వతాలు.

ప్రహరీ గోడ అవతల, సందులో మంచం వేశారు. పొద్దుటిపూట గోడ నీడ బాగానే ఉంది. లారీలు పోయినప్పుడల్లా దుమ్ము లేచి దుప్పటి మీద పడుతోంది. దుర్గాబాయి దులుపుతూ కూచుంది. ఎండ ఎక్కేకొద్దీ నీడ గోడలోకి జరుగుతూ వచ్చింది, ఆమె మంచాన్ని జరుపుతూ పోయింది. ఒక దశలో మంచం గోడకు ఆనుకుంది. ఇంక జరపడానికి చోటు లేదు. పర్వతాలు ట్రాలీలోంచి టార్పాలిన్ తెచ్చి కట్టబోయాడు. అది నిన్న పరమేశ్ పరుపు మీద కప్పినదని గుర్తొచ్చి దుర్గాబాయి వద్దంది. తన చీర తెచ్చి గోడ మీది మేకులకూ మంచం కోళ్లకూ కట్టింది. వడగాలికి అది ఆగలేదు.

తోవన పోయేవాళ్లు ఆగి, ఎవరని అడిగి, పాపమని పోతున్నారు. ఒకాయన ఇంట్లో పడుకోబెట్టొచ్చు గదమ్మా అని సలహా కూడా ఇచ్చాడు. దుర్గాబాయి అతని వైపు చూసిన చూపుకి రెండో మాట లేకుండా సైకిలెక్కాడు.

"దుర్గా, లోపలికి పోదాం బిడ్డా," అన్నాడు కుర్మయ్య, మిట్టమధ్యాహ్నం.

ఆ ఒక్క మాట ఆమె తట్టుకోలేకపోయింది. ఊళ్లో ఎన్ని గదులు కడిగింది. ఎంతమంది చావులను బండల్లోంచి, గోడల్లోంచి, బావుల్లోంచి తుడిచి, వాళ్ల ఇళ్లు వాళ్లకు అప్పజెప్పింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తన నాయినకు ఒక గది మూల ఇవ్వలేదు.

"పోదాం నాయినా. రూము జూసిన. దూలపల్లిల. కిటికీ ఉంది," అని అబద్ధం చెప్పింది.

"సల్లగుంటదా?"

"సల్లగుంటది."

ఆయన సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు. నోట్లో తడిగుడ్డ పిండింది. రెండోసారి పిండినప్పుడు నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోయాయి.

సుక్కమ్మ గేటు తీసుకుని వచ్చి, మంచం పక్కన కూలబడి రాగం తీసి ఏడ్చింది. కుర్మయ్య ఎంత మంచివాడో, తనను వదినె అని ఎంత నోరారా పిలిచేవాడో చెబుతూ ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. కాని శవానికి స్నానం పోయించడానికి పర్వతాలు బిందె పట్టుకుని గేటు దగ్గరకు పోతే, ఏడుస్తూనే చెయ్యి అడ్డం పెట్టి, నల్లా నీళ్లు వద్దు నాయినా, ట్యాంకరు పిలవమంది. దుర్గాబాయి ఆ చెయ్యిని చూసింది. ఏడవలేదు. అప్పటినుంచి ఆమెకు ఏడుపు రానేలేదు.

*

మూడోరోజు శ్మశానంలో పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక ఆమె సుక్కమ్మతో మాట్లాడలేదు, పర్వతాలుతో మాట్లాడలేదు. తల విరబోసుకునే బస్సెక్కింది.

చావు మైలలో ఉన్న మనిషి కర్మలయ్యేదాకా ఒకరి గడప తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంటికి మంచిది కాదు. ఆ సంగతి దుర్గాబాయికి బాగా తెలుసు, తెలిసే పోతోంది. వీరేందర్ కొత్త కిరాయోళ్ల గడప మీద, మైల ఒంటితో, విరబోసిన జుట్టుతో కూచుంటుంది. ఈ గదిలో ఏం జరిగిందో, తను సంచిలోకి ఏమెత్తిందో వీధంతా వినేటట్టు చెబుతుంది. వాళ్లు ఆ క్షణమే మూటలు కట్టుకోవాలి. వరసకు వరస ఖాళీ కావాలి. వీరేందర్ ఆ తాళాలు లెక్కపెట్టుకుంటూ ఎండలో నిలబడాలి. సుక్కమ్మ మీద కన్నా అతని మీదే ఆమెకు కసి. సుక్కమ్మకు కాపాడుకోవడానికి బిడ్డ కడుపు ఉంది. వీరేందర్ దగ్గర పాడైన గది ఉండి కూడా ఇవ్వలేదు.

కొంపల్లి దగ్గర దిగి, ఎండలో దూలపల్లి తోవ పట్టింది. గది గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. గడపకు పసుపు రాసి ఉంది. దుర్గాబాయి నేరుగా పోయి ఆ పసుపు మీదే కూచుని తలుపు బాదింది.

తలుపు సగం తెరుచుకుంది. పాతికేళ్ల మనిషి, చేతికి పిండి అంటుకుని ఉంది. పేరు తర్వాత తెలిసింది, పద్మలత.

"ఎవరు గావాలె?"

"నువ్వే గావాలె."

"మెల్లగ మాట్లాడక్కా. మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు." విరబోసిన జుట్టు చూసి ఆమె ఒకడుగు ముందుకొచ్చింది. "ఎవరన్న పోయిన్రా అక్కా?"

"మా నాయిన. మూడొద్దులాయె."

ఇప్పుడు తలుపేసుకుంటుందని దుర్గాబాయి అనుకుంది. వేసుకుంటే అరవడం మొదలుపెట్టవచ్చు. పద్మలత తలుపు పూర్తిగా తీసి, లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఈ తిక్కదానికి మైల సంగతి తెలియదా అని దుర్గాబాయికి విసుగొచ్చింది. నీళ్లు మాత్రం తాగింది, దాహమవుతోంది గనక.

గదికి అడ్డంగా చీర కట్టి ఉంది. గుమ్మం ముందు ఆడ చెప్పులే ఉన్నాయి, డ్యూటీ చేసొచ్చిన మగమనిషి చెప్పులు లేవు. చీర వెనకనుంచి ఊపిరి వినబడుతోంది. ఆగి, మళ్లీ ఎక్కడో అడుగునుంచి లాగుతున్న ఊపిరి. మొన్నటిదాకా రోజంతా పక్కన కూచుని విన్న చప్పుడది. దుర్గాబాయి గ్లాసు కింద పెట్టింది.

"ఎన్నొద్దులాయె మంచం పట్టి?"

పద్మలత మొహం తెల్లబోయింది. వెనక్కి చూసి, ముందుకు చూసి, గడప అవతల దుర్గాబాయి కాళ్ల దగ్గర కూచుంది.

"పటేలుకు జెప్పకు అక్కా, నీ కాళ్లు మొక్కుత. బౌరంపేట్‌ల ఎల్లగొట్టిన్రు. దానికి ముందు అలియాబాద్‌ల ఎల్లగొట్టిన్రు. ఈడ నైట్ డ్యూటీ అని జెప్పి దిగినం. లివరు ఖరాబైంది. డాక్టర్లు ఆశ లేదన్నరు. ఆయన్ని రోడ్డు మీద వెయ్యలేను అక్కా."

"జెప్త," అంది దుర్గాబాయి. ఆమె వచ్చిందే ఎవరినో ఒకరిని ఏడిపించడానికి. "దానికి ముందుగాల నీకొకటి జెప్త. గీ రూముల మనిషి సచ్చిండు. నెత్తురు గక్కి సచ్చిండు. గోడ కొట్టి కొట్టి సచ్చిండు. నువ్వు పండుకునే కాడ బండలు లేపి నెత్తురు మన్నెత్తిపోసిన నేను, నా చేతులతోటి. నీ పటేలు నీకు జెప్పలేదు."

పద్మలత నోరు తెరుచుకుని వింది. కొంగు నోట్లో కుక్కుకుంది. దుర్గాబాయి ఆ భయాన్ని చూద్దామని ముందుకు వంగింది. కాని అది భయం కాదు.

"నిజమేనా అక్కా? రూముల్నేనా? గీ గడప లోపల్నే ఊపిరి పోయిందా?"

"ఒట్టు."

"అయితే ఇగ మమ్మల్ని ఎల్లగొట్టరు గద." ఆమె ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. "కావాల్సింది ఎట్లాగూ అయిపాయె. ఇంకొగలు పోతే వాళ్లకొచ్చే నష్టమేంది? గీయన ఈడ్నే ఉండొచ్చు. మంచం మీదికెల్లి లేపే పని లేదు."

దుర్గాబాయికి చెంప మీద కొట్టినట్టయింది. అది తన మాట. ఇదే వాకిట్లో నిలబడి వీరేందర్‌ను అడిగిన మాట. అడిగినందుకు తనకు దక్కింది ఛీత్కారం. ఈ పిల్ల అడగలేదు, అబద్ధమాడి దూరింది. తనకా బుద్ధి ఎందుకు పుట్టలేదు? నాయినకు నైట్ డ్యూటీ అని చెప్పే వయసు లేకపోతే పోయె, ఇంకేదో ఒకటి చెప్పొచ్చు గదా. నిజం చెప్పి నాయినను గోడ పక్కన ఎండబెట్టి చంపుకుంది. ఈమె మొగుడు మాత్రం తను తోడి, సున్నం చల్లి, పరిచిన బండల మీద చల్లగా పడుకున్నాడు. దుర్గాబాయి ఆ పిల్లను చూడలేకపోయింది. అంత అసూయ పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఎవరి మీదా కలగలేదు. లేచి పోదామనుకుంది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పద్మలత పక్కనే కూచుంది.

మోటారు సైకిలు వాకిట్లో ఆగేసరికి పద్మలత ఒక్క గెంతులో లోపలికి పోయి తలుపు దగ్గర నిలబడింది. వీరేందర్‌కు ఎవరో కబురందించినట్టున్నారు, చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోలేదు.

"ఏమే, మైల ఒంటితోటి ఇండ్లల్ల తిరుగుతున్నవా? సిగ్గు శరం ఉన్నదా?" అని మొదలుపెట్టాడు. అటూఇటూ తలుపులు తెరుచుకోవడం చూసి గొంతు తగ్గించి దగ్గరకొచ్చాడు, తాకనంత దూరంలో ఆగాడు. "ఏం జెప్పినవ్ ఆమెకు?"

దుర్గాబాయి ముక్కు చీదింది. పద్మలత వైపు చూడలేదు.

"ఇంకా ఏం జెప్పలే."

"సరే. మంచిది." అతను ఊపిరి తీసుకున్నాడు. "పర్వతాలు జెప్పిండు మీ నాయిన సంగతి. మస్తు బాధయింది నాకు. జూడు, ఆ చివరి రూము ఖాళీ అయితాంది. నువ్వే దిగు. కిరాయి సంగతి తర్వాత జూస్కుందాం."

"ఎవర్ని పండవెట్టాలె అండ్ల?"

వీరేందర్ చివరి గది వైపు చూపిన చెయ్యి దించాడు.

"పటేలా, లోపల ఈమె మొగనికి మంచిగ లేదు. పోయే మనిషి," అంది దుర్గాబాయి. తలుపు దగ్గర పద్మలత గొంతులోంచి చప్పుడొచ్చింది. దుర్గాబాయి పట్టించుకోలేదు. "పోయినా బతికినా గీ రూముల్నే. పీనుగ గీ గుమ్మంలకెల్లే ఎల్లాలె. స్నానానికి గా నల్లా నీళ్లే పొయ్యాలె."

"మోసం జేసి దిగిన్రా?" వీరేందర్ మొహం ఎర్రబడింది. "లెవ్వే. పక్కకు జరుగు. ఇప్పుడే సామాను బయటేయిస్త."

"దాటి పో."

ఆమె గడప నిండా కూచుని ఉంది. లోపలికి పోవాలంటే ఆమెను ముట్టుకోవాలి. చావు మైల అంటుకుని ఇంటికి పోతే అతని తల్లి వాకిట్లోనే నిలబెట్టి నెత్తిన నీళ్లు పోస్తుంది. వీరేందర్ ముందుకు ఒక కాలు వేసి, ఆ కాలు మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"బయటేస్తే వెయ్యి," దుర్గాబాయి గొంతు పెంచలేదు. "పరమేశ్ ఏడ సచ్చిండో ఈడ్నే నిలవడి ఒర్రుత. గోడకు ఎన్ని చేతులు గడిగిన్నో జెప్త. పక్కామె ఇంటది, వాళ్ల సుట్టాలింటరు. అయ్యగారిని గూడ నేనే తోల్కొస్త. ఎవలుంటరో జూస్త గీ వరసల."

పక్క గది ఆవిడ గుమ్మంలోనే ఉంది. దుర్గాబాయి ఆమె వైపు తిరిగేసరికి తల దించుకుంది, కాని ఈసారి తలుపు వేసుకోలేదు. కొంతసేపటికి, ఎవరినీ చూడకుండా, "ఉండనియ్యున్రి పటేలా," అంది.

వీరేందర్ ఆవిడను చూశాడు, మిగిలిన గుమ్మాలను చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. అతను గుండీలు సరిచేసుకున్నాడు.

"నాకేం తెల్వది," అన్నాడు చివరికి. "ఏమన్నయితే నేను ఊళ్లె లేనట్టే. నాకు ఎవలు జెప్పనట్టే."

"గట్లనే. నీకదే అలవాటు గద."

మోటారు సైకిలు రెండు తన్నులకు గాని స్టార్టు కాలేదు. అది మలుపు తిరిగేదాకా పద్మలత తలుపు పట్టుకునే నిలబడింది.

"పానం తీసినవ్ అక్కా. ఆయనకు జెప్పేదుండెనా? అసలు నువ్వెవరు మాకు?"

"ఎవల్ని కాను," అంటూ దుర్గాబాయి గోడ ఆసరాతో లేచింది.

చీర వెనకనుంచి గొంతు వచ్చింది, సన్నగా. "ఎవరొచ్చిన్రు పద్మా? ఏంది లొల్లి?"

పద్మలత దుర్గాబాయిని చూసింది. "గీ రూము కడిగే ఆమెనట. మనుషులు పోయినంక వస్తదట."

చీర వెనక మంచం కిర్రుమంది.

"అప్పుడే పిలిచిన్రా?"

దుర్గాబాయి చీర పక్కకు తీసింది. మంచం మీద పచ్చబడిన కళ్లతో ముప్పై ఏళ్ల మనిషి, పొట్ట తప్ప ఒంట్లో ఇంకేం లేదు. ఆమెకు అతన్ని చూస్తే కోపమే వచ్చింది, నాయిన పడుకోవాల్సిన చోటు గనక. ఆ కోపంతోనే చెప్పింది.

"ఎవలు పిలువలే. నేనే వచ్చిన. నీకోసం ఊరోళ్లతోటి జగడం వెట్టుకున్న, ఇయ్యాల రేపట్ల పోకు. నాలుగొద్దులుండి పో."

అతను నవ్వబోయాడు, దగ్గొచ్చింది. ఆగకుండా వచ్చింది. పద్మలత బకెట్టు కోసం పరిగెత్తింది. దుర్గాబాయి మంచం మీదికి వంగి, అతని మెడ కింద చెయ్యి పెట్టి, లేపి కూచోబెట్టింది.